బావ కారు తెరమీద నా చోటు

"మీ బావ లేడురా" అని అక్క ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. వాళ్ళుండే దొడ్డబళ్ళాపురం చేరేసరికి ఇంటినిండా జనం. బయట ఆయన కారు చుట్టూ కూడా జనమే. లోపల ఆయన్ని చూసి ఏడ్చినవాళ్ళు, బయటికొచ్చి ఆ కారును తడిమి మళ్ళీ ఏడుస్తున్నారు. అంత దుఃఖంలోనూ నాకు కుళ్ళు పుట్టింది. రేపు నేను పోతే నా కారును ఎవరు తడుముతారు?

మీకు ఆ కారు సంగతి చెప్పాలి. బావ ప్రభుత్వ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఆయన బండి క్యాసెట్ ప్లేయర్ల కాలం నాటిది. ఖాళీగా కూర్చోలేక, దాని డ్యాష్‌బోర్డులో వేలితో తాకితే పనిచేసే కంప్యూటరు పెట్టాలనుకున్నారు. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డంతా తిరిగి ఒక టచ్‌స్క్రీను, అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు తెచ్చారు. క్యాసెట్ ప్లేయరు పీకేసి, ఆ కన్నాన్ని ఆకురాయితో అరగదీసి వెడల్పు చేసి, ప్లైవుడ్ చట్రంలో తెరను బిగించారు. చట్రం వంకరగా కుదిరింది. ఎండాకాలంలో తెర వేడెక్కి బిగుసుకుపోతే అక్క పేపరు మడిచి గాలి విసిరేది. అత్తిబెలెలో పెళ్ళికి దారి చూపమంటే అది మమ్మల్ని ఒక ఇటుకల బట్టీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన బండి వెనకే నా బండి వేసుకుని నేనూ వెళ్ళాను.

నా కారు అలాంటిది కాదు. బటన్ నొక్కగానే వెలిగే వెడల్పాటి తెర, కంపెనీ బిగించి ఇచ్చినది. ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అయినా ఎక్కడికి బయల్దేరినా నా భార్య, నా కూతురు ఇద్దరూ బావ బండిలోకే దూరేవారు. "మీ కారులో కూర్చుంటే ఆఫీసులో కూర్చున్నట్టుంటుందండీ" అంటుంది మా ఆవిడ. నేను ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, ఒంటరిగా వాళ్ళ వెనక నడుపుకుంటూ వెళ్ళేవాణ్ణి. ముందు అద్దంలోంచి వాళ్ళ తలలు నవ్వుతూ ఊగడం కనిపించేది.

తాళం తిప్పాక ఆ కంప్యూటరు లేవడానికి చాలాసేపు పట్టేది. బావకు అదేమీ లోటనిపించలేదు. "తొందరేముందప్పా? అది కండ్లు తెరిచేదాకా మాట్లాడుకుందాం" అనేవారు. జేబులోంచి వేయించిన శనక్కాయలు తీసి పంచేవారు. ఎక్కినవాళ్ళ కష్టసుఖాలన్నీ బండి కదలకముందే బయటికొచ్చేవి. నా కూతురు తన పరీక్షల భయం నాకంటే ముందు ఆయనకే చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక ఆయుధపూజ నాటి సంగతి. ఏటా అక్క ఆ బండికి అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేసేది. కొత్తగా వచ్చిన కంప్యూటరు కూడా ఆయుధమే కదా అని, ఆ ఏడు వెలుగుతున్న తెరకు కూడా తడి గంధం పూసి, కుంకుమ అద్దింది. తడి తగిలితే ఆ తెర ఎవరో వేలితో నొక్కారనుకుంటుంది. తెరమీద బావ తనవాళ్ళ ఫొటోలు గళ్ళుగళ్ళుగా పెట్టుకున్నారు. ఒక గడి నొక్కితే ఆ మనిషికి ఫోను వెళుతుంది. గంధం కిందికి జారినకొద్దీ ఒక్కో గడీ నొక్కుకుంటూ పోయింది.

ఇక్కడ మా అపార్ట్‌మెంటు కింద నా కారుకు మేమూ పూజ చేసుకుంటున్నాం. మా ఆవిడ ఫోను మోగింది. ఎత్తితే అవతల గంట చప్పుడు, అక్క మంత్రం. పెట్టేయగానే నా కూతురి ఫోను మోగింది. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. నేను నా ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూశాను. మోగలేదు. సాయంత్రం తెలిసింది, మా పెద్దమ్మకు వెళ్ళిందట, పాలాయనకు వెళ్ళిందట, పూలమ్మే ఆమెకు కూడా వెళితే, పూలు చాల్లేదేమోనని ఆవిడ బుట్టెత్తుకుని పరిగెత్తుకొచ్చిందట.

అంటే తెరమీద పూలమ్మే ఆమె ఉంది, నేను లేను. సొంత బామ్మర్దిని! నా ఉద్యోగం పోయి మంచానికి అతుక్కుపోయినప్పుడు ఈ మనిషే వచ్చి, "మా ఇంట్లో వంకాయలు తరిగేదానికి మనిషి లేడప్పా, రా" అని వెంటబెట్టుకుపోయారు. మళ్ళీ ఉద్యోగం దొరికేదాకా నాకు ఒక్క సలహా ఇవ్వలేదు, వంకాయలు మాత్రం ఇచ్చారు. అంత చేసిన మనిషికి నేను ఒక గడికి తగనా? అడుగుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. లేదనే జవాబు ఎక్కడ వినాల్సి వస్తుందోనని అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

కర్మలన్నీ ముగిసిన మర్నాడు అక్క తాళం చేతికిచ్చింది. "ఊరికే నిలబెడితే బ్యాటరీ చచ్చిపోతాది. రవ్వంతసేపు ఇంజను ఆడించురా" అంది. డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాను. చాలాసేపటికి తెర వెలిగింది. గళ్ళలో అందరూ నవ్వుతున్నారు. నాకు పట్టలేనంత ఉక్రోషం వచ్చింది.

"అక్కా, బావ నన్నెందుకు పెట్టలేదు?" అని అడిగేశాను.

అక్క కిటికీ పట్టుకుని నన్ను వింతగా చూసింది. "ఈ బండి ఎక్కినోళ్ళకే పెట్టినాడు. ఎక్కి కూచుంటే అదే ఫొటో తీస్తాది. నువ్వు ఎప్పుడెక్కినావురా? ఎప్పుడు చూసినా నీ బండేసుకుని ఎనకాల వచ్చేటోడివి. 'మీ తమ్ముడికి మన డొక్కుబండి కంటికి ఆనదే' అని నవ్వేటోడు మీ బావ."

నేను స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశాను.

"దిగి, అటుపక్క కూచో" అంది. ఇంజను ఆపకుండానే దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. తెర అంచున చిన్న కెమెరా నావైపే ఉంది. అక్క చెయ్యి లోపలికి చాపి 'కొత్తవాళ్ళు' అని రాసున్న గడిని చూపించింది. నొక్కాను.

"ఎవురప్పా కొత్తగా వచ్చినారు? బాగుండారా? రవ్వంత నగండి చూద్దాం."

బావ గొంతు. స్టీరింగు కిందున్న స్పీకరులోంచి. మనిషి మొహం మీద నవ్వమని చెప్పడానికి సిగ్గుపడి, ఎప్పుడో రికార్డు చేసి పెట్టారట. పూలమ్మే ఆమెతో సహా అందరూ విన్నారు దాన్ని, ఆయన పక్కనుండగా.

కెమెరా చప్పుడైంది. మళ్ళీ తీసుకుంటావా అని అక్క అడిగింది, వద్దన్నాను. ఇప్పుడు ఆ తెరమీద అందరూ ఎదురుగా చూస్తూ నవ్వుతున్నారు. నేనొక్కణ్ణే నవ్వకుండా, నోరు కాస్త తెరిచి, డ్రైవరు సీటు వైపు తిరిగి ఉన్నాను.