అడవికి కలుపు తీసినవాళ్ళం

పొదిలి నుంచి దర్శి వెళ్ళే దారికి కాస్త లోపలగా మా ఊరు, ఊరి వెనకాల ఒక చిన్న కొండ. కొండ ప్రభుత్వానిది. ఆ సంగతి చెప్పే బోర్డు మొదట్లోనే ఉంది. నేను కాపరానికి వచ్చిన రోజుల్లో ఆ కొండ మీద నిటారుగా నిలబడి ఉన్నది ఆ బోర్డొక్కటే. చెట్లు నరకరాదని దాని మీద రాసి ఉండేది. అందరూ బుద్ధిగా పాటించేవాళ్ళు, నరకడానికి చెట్టంటూ ఉంటేగా.

అడవి ఎటు పోయిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దొంగను చూపించేవాళ్ళు. మేకలు తినేశాయన్నారు, వానలు లేవన్నారు, నెత్తిన పుల్లల మోపుతో దిగే ఆడవాళ్ళు ఊడ్చేశారన్నారు. పొగాకు బ్యారన్ల మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. పచ్చాకును బ్యారన్‌లో వేలాడదీసి, రోజుల తరబడి కట్టెల మంట ఆరకుండా చూస్తేనే ఆకు పసుపు రంగు తిరుగుతుంది. మా ఇంటికే రెండు బ్యారన్లు. ఆ కట్టెలు ఆకాశం నుంచి రాలిపడలేదు కదా. మోపు మోసే మనిషిని ఫారెస్టు గార్డు ఆపి కొడవలి లాక్కునేవాడు. దుంగల ట్రాక్టరు వస్తే పక్కకు తప్పుకుని దారిచ్చేవాడు. పాపం, ట్రాక్టరు పెద్దది మరి.

తరవాత చుట్టుపక్కల మెట్ట చేలల్లో జామాయిల్ వేశారు. బ్యారన్లకు కట్టె అక్కడి నుంచి రావడం మొదలైంది. కొండ మీద మా వాళ్ళకు దయ పుట్టలేదు, దానితో అవసరం తీరింది, అంతే. అప్పుడే, కొండ మీద మళ్ళీ అడవి పెంచమని ప్రభుత్వం పెట్టించిన అడవి కమిటీ కూడా ఊరికి వచ్చింది. అధ్యక్షులు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. ఊరి మొత్తానికి శుభ్రమైన మిరప చేను ఆయనది.

ఈ శుభ్రం సంగతి కాస్త చెప్పాలి. మా వైపు మిరప చేలో గడ్డిపరక కనపడితే అది ఇంటికే అప్రతిష్ఠ. గట్టు మీద నడిచేవాళ్ళు కాయను చూడరు, కలుపును చూస్తారు. చేలో తుంగ ఉందని సంబంధం వదులుకున్న ఇంటిని నేనెరుగుదును. అలాంటి ఊరి చేతికి అడవిని అప్పజెప్పారు.

మొదటి ఏడు మొక్కలు నాటాలన్నారు. నాటే ముందు మేమేం చేస్తాం? నేల బాగుచేస్తాం. కొండ వాలు నిండా మోకాలెత్తు తుప్పలు, ముళ్ళు. పత్తితీతలు అయిపోయిన వారం చూసి, పలుగూ పారలతో ముప్పై మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని కొండెక్కిన మహాతల్లిని నేనే. చీరాలలో డిగ్రీ చదివిన దాన్ని, అందులోనూ బాటనీ. మూడు రోజుల్లో వాలును మిరప చేను చేసి పెట్టాం. బావగారు కింద నుంచి చూసి, ఇప్పుడు కంటికి ఇంపుగా ఉందని మెచ్చుకున్నారు. తొలకరికి నాటిన మొక్కలు మరుసటి ఎండాకాలానికి పుల్లలయ్యాయి. అవే గుంటల్లో మళ్ళీ నాటాం. అవీ పుల్లలయ్యాయి. మా పట్టుదల అలాంటిది.

బుద్ధి చెప్పింది ఒక ముసలావిడ. కొండ అంచున సాయిబుల వీధిలో ఉంటుంది, ఊరంతా అవ్వా అనే పిలుస్తాం. ఆ కొండ మీది ముళ్ళ తుప్పల్లో కలేకాయలు కోసి పొదిలి బజారులో అమ్ముకునేది. మేం బాగుచేశాక ఆవిడ గంప ఖాళీ. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని తీరిగ్గా అడిగింది.

"చదువుకున్నదానివి కదమ్మా. నరికిన మానుకు మొలిచిన కొమ్మని కలుపంటారా మీ పుస్తకాల్లో?"

వేళ్ళు చావలేదని, మేం తుప్పలనుకున్నవి పాత మొద్దుల చిగుళ్ళని, ఊరుకుంటే అవే చెట్లయ్యేవని చెప్పింది. నేను అరగంట వాదించాను. వాదనలో నేనెప్పుడూ ఓడను, ఆ రోజూ ఓడలేదు. మర్నాడు ఒక్కదాన్నే కొండెక్కి, మేం పారతో చెక్కిన చోట నేల గీకి, అడుగున పచ్చి వేళ్ళు చూసుకుని ఓడాను.

ఆ తరవాత కొన్నేళ్ళు కమిటీకి ఉత్సాహం చచ్చిపోయింది. కొండకు మా వల్ల జరిగిన మేలు అదొక్కటే. చండ్ర లేచింది, బలుసు లేచింది, కలే పొదలు మనిషెత్తు పెరిగి పూశాయి. అవ్వ గంప మళ్ళీ నిండింది.

నిరుడు ఎవరో పెద్ద ఆఫీసరు మా అడవిని చూడటానికి వస్తున్నారని కబురు. బావగారు వెంటనే మీటింగు పెట్టారు. వాలంతా తుప్పలు పట్టిపోయిందని, ఆయన కళ్ళ పడితే ఊరి పరువు పోతుందని, సోమవారం కలుపు తీయాలని తేల్చారు. ఈసారి పారలు కూడా కాదు, జేసీబీ.

సాయంత్రం అవ్వ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"మళ్ళీ పెకిలిస్తే మొలిచే ఓపిక వాటికి ఉంటుందేమో, చూసే ఓపిక నాకు లేదమ్మా" అని వెళ్ళిపోయింది.

నేను బావగారి ఇంటికి పోయి వేళ్ళ గురించి, చిగుళ్ళ గురించి పాఠం చెప్పాను. అంతా విన్నారు.

"మొదట పీకించింది నువ్వే కదా అమ్మాయ్" అన్నారు.

నేను తప్పు ఒప్పుకున్న సందర్భాలు మా ఇంట్లో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు. ఇదొకటి.

"నేనే బావగారూ. తప్పు చేశాను. రేపు కొండ మీదికి రండి, ఒక్క మొక్క మీ చేత్తో పీకండి. అది వస్తే మిగతావి నేనే దగ్గరుండి పీకిస్తా."

వచ్చారు. పంచె ఎగ్గట్టి, దారి పక్కన నడుమెత్తు చండ్ర పిలకను రెండు చేతులా పట్టి లాగారు. రాలేదు. ఆయన చేతికి రాని కలుపు భూమ్మీద లేదు. గడ్డపార తెప్పించారు. చుట్టూ తవ్వగా తవ్వగా తిరగలి రాయంత మొద్దు బయటపడింది, పైన పాత గొడ్డలి గాట్లతో సహా. ఆయన ఆ మొద్దును చూశారు, పక్కనున్న బండరాయిని చూశారు, చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయారు.

"ఈ రాతి పక్కనే బండి ఆపేవాళ్ళం. ఇది మన పెద్ద బ్యారన్‌కి కొట్టించిన చండ్రే. చచ్చిందనుకున్నా" అన్నారు.

ఆయన గడ్డపార పక్కన పెట్టి, తవ్విన మట్టంతా చేత్తోనే వెనక్కి తోసి, మిరప నారు నాటినప్పుడు అదిమినట్టు మొదట్లో అదిమారు.

జేసీబీ రాలేదు. అలాగని ఏమీ పీకకుండా ఉండటం మా వల్ల అవుతుందా? బోర్డు చుట్టూ నాలుగు మంచాలు పట్టేంత మేర గీకి, నీళ్ళు చల్లి, ముగ్గేశాం. ఆఫీసరుగారు ఆ ముగ్గు పక్కన నిలబడి ఫోటో దిగి, అడవిని చాలా శుభ్రంగా ఉంచారని మెచ్చుకుని, లోపల ముళ్ళున్నాయంటే అక్కడి నుంచే వెనక్కి తిరిగారు.

మొన్న బావగారూ నేనూ కలేకాయల కోసం కొండెక్కాం. అవ్వ మాకన్నా ముందే అక్కడ కోస్తూ ఉంది. దారిలో ఆయన అలవాటు చొప్పున వంగి గరిక పోచ ఒకటి పీకారు. అవ్వ చెయ్యి ఆపి చూసింది, నేనూ చూశాను.

"ఇది దారిది అమ్మాయ్, అడవిది కాదు" అని, ఆ పోచను జేబులో పెట్టుకున్నారు.