వీరగల్లు ముఖం

మా పెదనాన్న పోయాడని సోమవారం పొద్దున ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చింది. టీ తాగి, గ్లాసు కింద పెడుతూ అట్లాగే ఒరిగిపోయాడట.

ఆ ఊళ్లో నలభై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపిన మనిషి. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక మూసేశాడు. నాది కర్నూలులో ఉద్యోగం. ఒక వస్తువును అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, వాటిని కలిపి కంప్యూటర్లో దాని త్రీడీ రూపం కడతాను. మా ఇంట్లో ఎవరికీ ఎక్కని ఈ సంగతి ఆయనకు ఒక్కసారికే ఎక్కింది. "నేను మొగం ఒగటే తీస్తాంటి. నువ్వు వీపు గూడా అడుగుతాండావు" అని నవ్వాడు.

రెండేళ్ల కిందట దగ్గరి పల్లెలో రోడ్డు వెడల్పు చేస్తూ వీరగల్లును పక్కకు జరపాలన్నారు. ఎప్పుడో పులితో పోరాడి చనిపోయినవాడి బొమ్మ చెక్కిన రాయి అది. కదిలించకముందే దాని రూపం తీసిపెడదామంటే పెదనాన్న తన కెమెరాతో నా వెంట వచ్చాడు.

రాయికి రోజూ దీపం పెట్టే అవ్వ అడ్డం నిలబడింది. "ఫోటోలు తీస్తే సామి బలం పోతాది. పోండప్పా."

నేను వాదించబోతే ఆయన ఆపాడు. ఆమె పక్కన కూర్చుని, ఆమె అత్తగారి నాటి కథలన్నీ విన్నాడు. మధ్యాహ్నం దాకా కెమెరా సంచీ తెరవనే లేదు. చివరికి మెల్లగా అడిగాడు.

"అవ్వా, రేపు ఎత్తేటప్పుడు ఏమన్నా అయితే, సామి మొగం ఎట్ల ఉండెనో ఎవురు చెప్పాల?"

అవ్వ లేచి, రాయికి కట్టిన పూలదండ తానే తీసింది.

"ఎండ రాయికి లేని గీతలు పెడ్తాది" అని ఆయన మబ్బు పట్టేదాకా ఆగాడు. ఒక్కో అడుగూ జరుగుతూ వందల ఫోటోలు తీశాడు. మోకాళ్ల నొప్పితోనే నేల మీద పడుకుని అడుగు భాగమూ తీశాడు.

భయపడినట్టే అయింది. ఎత్తుతుంటే తాడు జారి రాయి మూడు ముక్కలైంది. వీరుడి ముక్కూ మీసమూ పొడైపోయాయి. అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మేం కట్టిన రూపాన్ని ముందు పెట్టుకుని శిల్పి ఆ ముక్కలు అతికించాడు, పోయినవి మళ్లీ చెక్కాడు. ఊరు నన్ను మెచ్చుకుంటుంటే పెదనాన్న జనం వెనక నిలబడి, తనకేమీ సంబంధం లేనట్టు కెమెరా అద్దం తుడుచుకుంటున్నాడు.

మొన్న ఆయన్ను కడసారి చూడటానికి ఆ అవ్వ బస్సెక్కి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఈయప్ప మొగం గూడా అట్ల తీసిపెట్నావా తల్లీ?"

"లేదవ్వా" అన్నాను.

అవ్వ ఆయన తల దగ్గర కూర్చుని, పాడె ఎత్తేదాకా ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.