బర్మింగ్‌హామ్ లాకులో ఇరవై ఆరు నిమిషాలు

ఒక పడవను, అందులోని తొమ్మిదిమందిని, తన భార్య మూడు నెలల సంగీత సాధనను ఒక్క చేత్తో, అదీ సదుద్దేశంతో, ఆపేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? 2012 జూన్ 16, శనివారం నాటి నా డైరీ సాక్షిగా అతణ్ణి మీ ముందు నిలబెడుతున్నాను. అప్పటికి అతని వయసు ముప్పై ఆరు. తెలివి ఎంతో డైరీలో నమోదు కాలేదు.

ఆ సాయంత్రం ఐదింటికి లీసెస్టర్‌లో తెలుగువాళ్ళ సభలో నా భార్య సుజాత పాడాలి. ఈ దేశంలో ఆవిడ వేదికెక్కడం అదే మొదలు. ఫ్లాట్‌లో కూర్చుని గొంతు సవరించుకుంటానన్న మనిషిని, గైడు వెంట బర్మింగ్‌హామ్ కాలువగట్ల మీద నడిచి, ఆపైన పడవెక్కే విహారానికి నేనే లాక్కెళ్ళాను. 3.05కి పడవ దిగుతాం, 3.30 రైలెక్కుతాం అని కాగితం మీద రాసి, కింద సంతకం కూడా చేసి ఇచ్చాను.

మా గైడు మార్గరెట్‌కు అరవై దాటి ఉంటాయి. ఆవిడ ముగించిన ప్రతి వాక్యానికీ నేనొక తోక తగిలించాను. మాది గోదావరి డెల్టా అనీ, మా కాలువలు తవ్వించిందీ మీ ఇంజనీర్లేననీ, లాకుల సంగతి నాకు కొట్టినపిండి అనీ చెప్పాను. పాఠకులకు మాత్రం నిజం చెబుతాను. మా ఊరి లాకుతో నా పరిచయమంతా దాని పక్కన బండి మీద మిరపకాయ బజ్జీలు తినడం వరకే. నాకు ఊహ తెలిసేనాటికి ఆ కాలువలో పడవల్లేవు. నీళ్ళన్నీ పొలాలకే. చెంబెడు వృథా అయితే ఇద్దరు రైతులు గొడవకు దిగేవారు.

రెండు తలుపుల మధ్య బావిలాంటి లాకులోకి పడవ చేరింది. కొందరం గట్టెక్కాం, సుజాత లోపలే ఉండిపోయింది. మార్గరెట్ కింది తలుపు తూము తెరిచింది. నా పాండిత్యాన్ని నమ్మి, తూము తిప్పే ఇనుప పిడి నా చేతిలో పెట్టి, కాస్త పట్టుకోమని, గట్టుమీది వాళ్ళకు పాత గిడ్డంగి చూపించడానికి వెళ్ళింది.

నీళ్ళు హోరుమని దిగువకు పోతున్నాయి. దిగువన చూస్తే ఒక్క పొలం లేదు. పట్టించుకునే నాథుడూ లేడు. జన్మలో నాగలి పట్టని నాలో డెల్టా రైతు లేచి నిలబడ్డాడు. పిడి బిగించి, ఎదురు తిప్పి, తూము మూసేశాను. ఆ సత్కార్యాన్ని వెంటనే డైరీకెక్కించాను.

పడవ నడిపే క్రెయిగ్, ఎదురుగా మరో పడవ వస్తోందని మార్గరెట్టే మూసిందనుకుని, టీ పోసుకున్నాడు. కాసేపటికి లోపలినుంచి సుజాత గొంతు వినిపించింది.

"ఏవండీ, ఇందాకట్నించీ ఈ ఇటుకే చూస్తున్నాను. పడవ దిగుతోందా లేదా?"

"లాకంటే అంతే సుజాతా. నిదానంగా దిగుతుంది. నాకు తెలీదా?"

"రైలుకి తెలుసా?"

మార్గరెట్ తిరిగొచ్చి, తూము ఎందుకు మూశావని క్రెయిగ్‌ని అడిగింది. మూసింది మీరు కాదా అన్నాడతను. అప్పుడు నేను కలగజేసుకున్నాను. ఈ ఆలస్యానికి బాధ్యులెవరో తేలాల్సిందే, నా భార్య పాట పోయేట్టుంది, నిమిషాలతో సహా నా దగ్గర లెక్క ఉంది అని గంభీరంగా ప్రకటించి, ఇనుప నిచ్చెనెక్కి పైకొచ్చిన సుజాతకు డైరీ అందించాను.

"చదివి వీళ్ళకి ఇంగ్లీషులో చెప్పు."

సుజాత చదవసాగింది. "2.39, పడవ లాకులోకి ప్రవేశించినది. 2.44, తూము తెరిచిరి. 2.47, నీరు వృథాగా పోవుచుండుట గమనించి, నేనే స్వయంగా మూసివేసితిని."

అక్కడ ఆగింది. నా వంక చూసింది. తరవాత ఆ చివరి వాక్యాన్ని మెల్లగా, ఒక్క మాటా పోకుండా, ఇంగ్లీషులో చెప్పింది.

పసివాడి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నట్టు మార్గరెట్ నా చేతిలోంచి పిడి తీసుకుంది. నీళ్ళు అలా బయటికి పోతేనే పడవ దిగుతుందని క్రెయిగ్ ఎంతో దయగా వివరించాడు. తిట్టినా బాగుండేది.

తూము మళ్ళీ తెరుచుకునేసరికి 3.13. మేం పడవ దిగేసరికి 3.31. రైలు వెళ్ళి ఒక నిమిషమైంది.

సభకు చేరింది 5.20కి. సుజాత వంతు అయిపోయింది. ఇక భోజనాలయ్యాకేనమ్మా అన్నారు నిర్వాహకురాలు ఆంటీ. ఆ సమయానికి జనమంతా పెరుగన్నం వరసలో ఉన్నారు. హాల్లో మిగిలింది పందొమ్మిదిమంది. సుజాత మైకు పట్టుకుంది.

"నా ఆలస్యానికి కారణం రెండో వరసలో ఉన్నారు. ఏవండీ, ఒక్కసారి లేవండి."

లేచాను. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. నన్ను చూడటానికి పెరుగన్నం వాళ్ళు ప్లేట్లతో సహా లోపలికొచ్చారు. పందొమ్మిదిమంది కాస్తా అరవై నలుగురయ్యారు. వచ్చినవాళ్ళు పాట అయ్యేదాకా కదల్లేదు. అంత బాగా పాడింది. చప్పట్లు పాటకు ముప్పై సెకన్లు, నాకు నలభై ఐదు.

కావున సమస్త పాఠకుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ దేశంలోనైనా, ఏ నీరు ఎటు పోయినా, నా చేతులు నా జేబుల్లోనే ఉంటాయి. ప్రస్తుతం మా వంటింటి కొళాయి నాలుగు రోజులుగా కారుతోంది. నిమిషానికి పద్దెనిమిది చుక్కలు. లెక్కపెడుతున్నానే తప్ప ముట్టుకోవడం లేదు.