ఏకగ్రీవం కాదు

ఇది రాస్తే ఇంగ్లండులో, ఈ మిల్టన్ కీన్స్‌లో మనవాళ్లు కొందరు నాతో మాట్లాడటం మానేస్తారు. ఇప్పటికే మానేసినవాళ్లున్నారు. అయినా రాస్తున్నాను. తప్పు చేసింది నేను, దానికి నా వీపు తట్టింది వాళ్లు.

రెండేళ్లపాటు మా వార్డులో ఒక పార్టీ శాఖకు కార్యదర్శిగా ఉన్నాను. కౌన్సిల్ ఎన్నికకు అభ్యర్థిని శాఖ సభ్యులే మీటింగులో చేతులెత్తి ఎంచుకునేవారు. మీటింగ్ ఏ రోజు, ఏ వేళకు అన్నది నేను నిర్ణయించేవాణ్ణి. కమ్యూనిటీ సెంటర్ తాళంచెవి కూడా నా దగ్గరే ఉండేది.

పోయినేడు నా స్నేహితుణ్ణి నిలబెట్టాలనుకున్నాం. ఇద్దరిదీ గుంటూరు వైపే, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మా ఊళ్లలో పంచాయతీ ఏకగ్రీవమైతే గొప్ప. ముందే ఎవరింట్లోనో కూర్చుని పేరు తేల్చుకుని, పోటీకొచ్చేవాణ్ణి బతిమాలో బెదిరించో కూర్చోబెట్టి, ఊరంతా ఒక్కమాట మీద ఉందని చెప్పుకుంటాం. ఇక్కడా అదే చేశాను. ఒక ఆదివారం పదిమందిని భోజనానికి పిలిచాను. పెరుగన్నంలోకి వచ్చేసరికి అభ్యర్థి ఖాయమయ్యాడు.

అడ్డు ఒక్కటే. మా ఆఫీసు శుభ్రం చేసే ఆవిడది ఈక్వడార్. చాలా ఏళ్లు స్పెయిన్‌లో పనిచేసి, అక్కడి పాస్‌పోర్టుతో ఇక్కడికి వచ్చింది. ఆ పాస్‌పోర్టు ఉంటే ఇక్కడ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుంటుంది. మా కాలనీకి వచ్చే మొదటి బస్సు తీసేశాక, గిడ్డంగుల్లో ఉదయం పనికి ఆవిడా తోటివాళ్లూ గ్రిడ్ రోడ్లనే పెద్ద రోడ్ల వెంట చీకట్లో నడిచి వెళ్లేవారు. ఆ బస్సు కోసమే తనలాంటి లాటిన్ అమెరికా వాళ్లను మరో ఎనిమిదిమందిని పార్టీలో చేర్పించింది. ఫారాలు నింపిపెట్టింది నేనే. మంచివాణ్ణనిపించుకోవడం నాకిష్టం. తీరా వాళ్లంతా బస్సు తెప్పిస్తానంటూ పోటీకొచ్చిన ఒక రిటైర్డ్ నర్సు వైపు ఉన్నారని తెలిసింది.

వాళ్లు సాయంత్రం ఆరింటికి మా ఆఫీసులో డ్యూటీ ఎక్కడం నేను రోజూ చూస్తున్నదే. మీటింగ్ గురువారం ఏడింటికి పెట్టాను.

"ఆదివారం పెట్టకూడదా?" నా డెస్కు కింద బుట్ట ఖాళీ చేస్తూ ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

"రూలు ఒప్పుకోదండీ."

అలాంటి రూలు లేదు.

అయినా వాళ్లు వచ్చారు. పని మధ్య విరామంలో, క్లీనింగ్ యూనిఫాంలోనే, ఏడుంబావుకి. నేను తలుపు దగ్గర నిలబడి, మొదలయ్యాక ఎవర్నీ రానివ్వకూడదన్నాను. అదీ అబద్ధమే. నర్సు ముందే తలలు లెక్కపెట్టుకుని తప్పుకుంది. లోపల మావాళ్ల చేతులు లేచాయి. మినిట్స్‌లో 'ఏకగ్రీవంగా' అని రాసి అందరికీ పంపాను.

మర్నాడు సాయంత్రం ఆవిడ ఆ కాగితం ప్రింటు తీసుకొచ్చి నా కీబోర్డు మీద పెట్టింది.

"అందరూ ఒప్పుకున్నారని రాశారు. నేను తలుపు బయట ఉన్నాను. నేను ఒప్పుకోలేదు."

ఆవిడ మాప్ అందుకుంది.

"కాళ్లు ఎత్తండి," అంది. ఎత్తాను. నా కుర్చీ కింద తుడిచి వెళ్లిపోయింది.

ఈ దేశంలో దిగిన ఏడాదే నాకు ఓటు వచ్చింది. ఇండియా కామన్వెల్తు దేశం కాబట్టి వచ్చింది, నేను కష్టపడిందేమీ లేదు. నాకు తేరగా దక్కినదాన్ని, కోరి కోరి తెచ్చుకున్నవాళ్ల దగ్గర నొక్కేశాను. నా స్నేహితుడు ఆ ఎన్నికలో ఓడిపోయాడు. గెలిచినా నేను చేసింది అదే.

ఈ ఏడాది వార్షిక మీటింగ్ ఆదివారం పదకొండింటికి పెట్టాను. స్పానిష్ నోటీసు ఆవిడ కూతురు రాసిచ్చింది. గిడ్డంగుల గేటు దగ్గర నిలబడి నేనే పంచాను. మా ఆఫీసు కాంటీన్‌లో వాళ్లతో కూర్చుని, తీర్మానం ఎలా పెట్టాలో, ఎవరు బలపరచాలో, పదవికి అక్కడికక్కడే ఎలా నిలబడవచ్చో చెప్పాను. వాళ్లను ఏ మాటలతో ఆపుతారో నాకు బాగా తెలుసు. ఆపినవాణ్ణి నేనే కదా.

నా స్నేహితుడు ఫోన్ చేశాడు.

"ఏరా, మనోళ్లని ముంచుతున్నావంట. వాళ్లు నీకేమవుతార్రా?"

"సభ్యులవుతారు."

"గురువారానికి మార్చు."

"మార్చను."

"పోయినేడు గురువారం పెట్టిన మహానుభావుడివి నువ్వే."

"నేనే. అందుకే మార్చను."

"రేపు మీవాడి పెళ్లికి సంబంధం కావాలన్నా మేమే దిక్కురా."

"వాడు నన్నే అడగడు, మిమ్మల్నేం అడుగుతాడు."

నవ్వబోయి, ఆపుకుని, ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం తొమ్మిదిమందీ వచ్చారు. పాత మినిట్స్ ఆమోదించాలని అధ్యక్షుడు అడిగినప్పుడు లేచాను. 'ఏకగ్రీవంగా' అన్నది అబద్ధమని, లేని రూళ్లు చెప్పి సభ్యుల్ని గుమ్మం బయట నిలబెట్టానని చెప్పాను. నా ఇంట్లో భోంచేసినవాళ్లు ఫోన్లు చూసుకున్నారు. మినిట్స్‌లోంచి ఆ మాట కొట్టేశారు. తర్వాత ఆవిడ బస్సు మీద తీర్మానం పెట్టింది. నెగ్గింది.

చివర కార్యదర్శి ఎన్నిక. నా పేరు ఒక్కటే ఉంది.

"అయితే అందరికీ సమ్మతమే," అన్నాడు అధ్యక్షుడు.

ఆవిడ లేచింది. "కాదు. నేను నిలబడతాను."

ఆ రూలు నేను నేర్పిందే. మావాళ్లు నా మీద కోపంతో చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను నాకే చేయెత్తుకున్నాను. ఇదీ ఒప్పుకోవాలి. పదవి మీద ఆశ చావలేదు.

బయట కారు దగ్గర నా స్నేహితుడు ఆగాడు. "తృప్తిగా ఉందా? వాళ్లకోసం మాతో తగువు పెట్టుకున్నావు. వాళ్లే నిన్ను దించారు."

"దించడానికే కదా ఓటు," అన్నాను.

తాళంచెవి అంతకుముందే ఆవిడకు ఇచ్చేశాను. ఆ సాయంత్రం నా ఆఖరి మినిట్స్ రాశాను. కార్యదర్శి పదవికి: ఆవిడకు పదకొండు, నాకు నాలుగు. ఏకగ్రీవం కాదు.