అడిగిన రోజే పట్టా

వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి మార్కెట్ గేటుకు ఎదురు వరుసలో ఒక టార్పాలిన్ల దుకాణం. పదకొండు గంటల నలభై నిమిషాలకు రాజమల్లయ్య అనే రైతు తన చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితాలను ఒక్కొక్కటిగా దుకాణం బల్ల మీద పరిచాడు. పాత పాసుపుస్తకం జిరాక్సు, శిస్తు రసీదులు, ఆధార్ కార్డు, రెండు ఫొటోలు. ఫొటోలు కొత్తవి. చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగినవి.

"పట్టా ఇయ్యి బిడ్డా," అన్నాడు దుకాణం యజమాని సువర్ణతో. "అడిగిన రోజే ఇస్తరని ఫోన్ల రాసిండ్రట గద. పోయిన బేస్తారం వస్తే తాళమున్నది. ఇయ్యాల పొద్దుగాల ఐదింటికే బస్సెక్కిన."

సువర్ణ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. 'అడిగిన రోజే' అన్న ఆ ముక్క నేనిచ్చిన సలహా.

నేను ఆ దుకాణంలో ఎందుకున్నానో చెప్పాలి. దినపత్రికలో ముప్పై ఏళ్లు పనిచేశాక హైదరాబాద్‌లో ఇంటిపట్టున ఉండి ఒక బ్లాగు నడుపుతున్నాను. చిన్న దుకాణాల వాళ్లు ఇంటర్నెట్‌లో తమ సరుకు గురించి ఎలా చెప్పుకోవాలో అందులో రాస్తాను. నేను పదే పదే చెప్పే సూత్రం ఒకటుంది: మీ సరుకును మీరు పిలిచే పేరుతో కాదు, కొనేవాడు పిలిచే పేరుతో పిలవండి. ఆ వెంటనే, ఎంత తొందరగా ఇస్తారో కూడా చెప్పండి.

సువర్ణ అక్షరాలా అదే చేసింది. వరంగల్ చుట్టుపక్కల టార్పాలిన్‌ను రైతులు పట్టా అంటారు. వాన మబ్బు కనపడితే మిర్చి రాశి మీద, వడ్ల కుప్ప మీద కప్పేది పట్టా. అంతకుముందు ఆమె దుకాణం పేజీలో ఇంగ్లిషులో సరుకు పేరు, మందం, కొలతలు ఉండేవి. నా బ్లాగు చదివి అవన్నీ తీసేసి ఇలా రాసింది: 'వరంగల్‌లో పట్టాలు. అన్ని సైజులు. తక్కువ ధర. అడిగిన రోజే.'

ఐదు వారాల తర్వాత నా బ్లాగు కింద ఆమె వ్యాఖ్య కనిపించింది. "మేడం, మీరు చెప్పినట్టే చేసినం. పట్టా అంటే జనం ఇంకేందో అనుకొని వస్తున్నరు. ఇప్పుడు బజార్ల తలెత్తుకోలేక పోతున్నం. ఒక్కసారి వచ్చి చూసిపోండి."

ఆరేళ్లుగా కుర్చీలో కూర్చుని సలహాలిస్తున్నాను. వాటిని పాటించిన ఒక్క దుకాణం మెట్టు కూడా ఎక్కలేదు. మర్నాటి రైలుకే టికెట్ తీసుకున్నాను.

సికింద్రాబాద్‌లో ఏడు దాటాక బండి కదిలింది. రెండో తరగతి కూర్చునే సీటు, కిటికీ పక్కన. మార్చి చివరి వారమైనా ఎండ లేదు, ఆకాశం బూడిదరంగుగా ఉంది. భువనగిరి వచ్చేదాకా ఒక పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చున్నాను. ఆలేరు దాటాక పుస్తకం సంచిలో పెట్టేసి, పక్కన బత్తాయి వలుస్తున్న ఆవిణ్ని అడిగాను, పట్టాలు అనగానే మీకేం గుర్తొస్తుందని.

"ఇంకేముంటది మేడం, మా ఆయన ఎండల నడిచే పట్టాలే," అంది. ఆమెది కాజీపేట. భర్త రైలు పట్టాలు తనిఖీ చేసే ఉద్యోగి. "ఇరవై ఏండ్ల సంది మా సంసారం వాటి మీదనే నడుస్తాంది."

ఎదురు సీట్లో యూనివర్సిటీ అమ్మాయి ఒక చెవిలోంచి తీగ లాగి, "డిగ్రీ, ఆంటీ. నాయి రెండు సబ్జెక్టులు ఆగినయి. గుర్తు చేయకుండ్రి," అని మళ్లీ పెట్టుకుంది.

నడవ అవతల సీట్లో పెద్దమనిషి ఇదంతా వింటున్నాడు. ఆయనకు కోపమే వచ్చింది. "పట్టా అంటే భూమి పట్టా. వేరే పట్టా ఉంటదా? ఏ ఊరు మీది?"

ముగ్గురిలో ఒక్కరికీ టార్పాలిన్ గుర్తు రాలేదు. ఈ ప్రశ్న ఐదు వారాల కిందట, సలహా ఇచ్చే ముందు అడగాల్సింది. జనగామలో టీ తాగాను, నోటికి రుచి తెలియలేదు. కాజీపేటలో సగం పెట్టె ఖాళీ అయింది. బత్తాయి ఆవిడ దిగుతూ రెండు తొనలు నా చేతిలో పెట్టింది. వరంగల్ స్టేషన్‌లో దిగేసరికి పది కావస్తోంది.

బయట ఆటో డ్రైవర్ నూట యాభై అడిగి నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. ఎనుమాములలో పట్టాల దుకాణానికి అని చెప్పి, ఏమంటాడో అని ఆగాను.

"మిర్చి మీద కప్పేటియే గద? కూసోండ్రి," అన్నాడు. "మబ్బు వట్టింది. ఇయ్యాల వాళ్లకు గిరాకి మస్తుంటది."

దారంతా అదే ఆలోచించాను. ఎనుమాముల అనగానే అతనికి పట్టా ఏమిటో తెలిసిపోయింది. మార్కెట్ యార్డు ముందు నిలబడి ఆ మాట ఎవరన్నా ఒకటే అర్థం. అదే మాట ఫోనులోకి ఎక్కగానే దాని చోటు పోతుంది. ములుగులో వినేవాడికి ఒకటి, కాజీపేటలో వినేవాడికి ఒకటి.

మార్కెట్ దగ్గరపడుతుంటే గొంతులో మిర్చి ఘాటు తగిలింది. గేటు దగ్గర ఆటో దిగి మూడు తుమ్ములు తుమ్మాక గానీ కళ్లు తెరవలేకపోయాను. లోపల ఎర్రటి రాశులు, వాటి మధ్య తలపాగాలు. అందరూ మాటిమాటికీ తలెత్తి పైకి చూస్తున్నారు.

సువర్ణకు నలభై దాటి ఉంటాయి. దుకాణం మామగారు పెట్టింది. ఆయన పోయాక ఈమే చూసుకుంటోంది. నీలం, పసుపు, నలుపు చుట్టలు గోడ పొడవునా నిలబెట్టి ఉన్నాయి. నేను చెప్పులు విడుస్తుండగానే పక్క బస్తాల దుకాణం నుంచి కేక వినిపించింది.

"తహసీల్దారమ్మా! నా పేరు మీద కూడ ఓ రెండెకరాలు రాయరాదు!"

"నీకు ఆరడుగులు చాలు వెంకన్నా," అంది సువర్ణ తల తిప్పకుండానే. నాతో, "నెల సంది గిదే పేరు మేడం. కూసోండ్రి," అంది.

సలహా మొదట బాగానే పనిచేసిందట. అంతకుముందు వారానికి రెండు ఫోన్లు వచ్చే చోట రోజంతా మోగింది. ఆమె సంబరపడింది కూడా.

"ఒకాయన ఫోన్ చేసిండు. పట్టా కావాలన్నడు. సైజు ఎంత అన్న. రెండెకరాల ఇరవై గుంటలన్నడు. అంత పెద్దది మా కాడ లేదన్న. 'చిన్న రైతులకే ఇస్తరా?' అని అడిగిండు." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "అప్పటికి గాని నాకు అర్థం కాలే."

తర్వాత మనుషులు రావడం మొదలైంది. భూమి రికార్డులో పేరు ఎక్కనివాళ్లు, తప్పు ఎక్కినవాళ్లు. ఒకరోజు ఏదో ఆఫీసు నుంచి వచ్చానని ఒకతను చుట్టలన్నీ చూసి వెళ్లాడు. ఆ పై వారం ఆమె బంధువుల పెళ్లికని దుకాణం మూసింది. తిరిగొచ్చేసరికి పేజీ కింద ఒకే ఒక్క నక్షత్రంతో సమ్మయ్య అనే పేరు మీద ఇలా ఉంది: 'పట్టా ఇస్తమని రాసి షట్టర్ బంద్ చేసిండ్రు. మోసం. ఎవ్వరు పోకుండ్రి.' ఇంకొందరు కూడా ఫిర్యాదు నొక్కినట్టున్నారు. నాలుగు రోజుల కిందట పేజీ కనపడకుండా పోయింది. తెరిస్తే 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క వాక్యమే.

"గిరాకి పోతే పోయింది మేడం. మా మామ ముప్పై ఏండ్లు ఈ గేటు ముందల కూసున్నడు. మోసం అనే మాట ఒక్కడు అనలే. రేపు పేజీ మళ్ల తెరుసుకున్నా ముందుగాల గా మాటే కనబడతది."

నేనేదో చెప్పబోతుండగా రాజమల్లయ్య లోపలికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఆఫీసులోకి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత కాగితాలు పరిచాడు.

సువర్ణ లేచి ఒక నీలం చుట్ట కింద పడేసి, మూరెడు విప్పి చూపించింది. "బాపూ, మా కాడ ఉండే పట్టా గిది. వానకు కప్పేది. భూమి పట్టా మేమెక్కడ తెస్తం?"

ఆయన వంగి దాని అంచు వేళ్లతో నలిపి చూశాడు. "గిసొంటియి నా కాడ రెండున్నయి బిడ్డా," అన్నాడు.

బస్తాల వెంకన్న ఏదో అనడానికే గడపదాకా వచ్చాడు. ఆ మాట విని అక్కడే ఆగిపోయాడు.

రాజమల్లయ్యది తండ్రి దున్నిన భూమి. ఇప్పటికీ తనే దున్నుతున్నాడు. రికార్డులో మాత్రం వేరే పేరు పడింది. ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టాడో ఆయనకే లెక్క లేదు. అల్లుడు ఫోనులో చూసి, వరంగల్‌లో అడిగిన రోజే ఇస్తారట అని చెబితే పోయినసారి వచ్చాడు. ఈసారి అల్లుడు వద్దన్నా వచ్చాడు.

"మీ అల్లుని పేరేంది బాపు?" అని అడిగింది సువర్ణ.

"సమ్మయ్య. కోత మిషన్ నడుపుతడు."

ఆమె టీ తెప్పించింది. ఆయన తాగాక, అల్లుడికి ఫోన్ కలపమంది. స్పీకర్ ఆన్ చేసి, బల్ల మీద పెట్టి మాట్లాడారు. నాకూ వినిపించింది.

"మామా, ఆళ్ల మాట నమ్మకు," అన్నాడు సమ్మయ్య.

"అన్నా, నేను దుకాణపామెను. మావి వానకు కప్పే పట్టాలన్నా. జర గా రాసింది తీసెయ్యి."

"కప్పేటియని రాయాలె మరి! పట్టాలు, తక్కువ ధర, అడిగిన రోజే. నేను రాసిన్నా గట్ల? రెండుసార్లు వచ్చిండు మా మామ. రెండు దినాల పని పాయె. పట్టా ఇయ్యుండ్రి, తీసేస్త." ఫోన్ పెట్టేశాడు.

పత్రికలో ముప్పై ఏళ్లు పక్కవాళ్ల శీర్షికలు దిద్దినదాన్ని. నా తప్పును కోత మిషన్ నడిపే సమ్మయ్య ఒక్క మాటలో దిద్దాడు. 'కప్పేటియని రాయాలె.'

రాజమల్లయ్య కాగితాలు తిరిగి కవరులో సర్దుకుంటూ నన్ను చూపించి అడిగాడు. "ఈమె ఆఫీసరా?"

"కాదు బాపు, పేపర్ల రాసేటామె."

"రాస్తే వస్తదా?"

రాదని చెప్పాను. తహసీల్ ఆఫీసుకే వెళ్లాలని, దరఖాస్తు ఇచ్చినప్పుడల్లా రసీదు అడిగి దాచుకోవాలని చెప్పాను. ఆయన తలూపాడు. నాకంటే ముందు చాలామంది చెప్పి ఉంటారు. పన్నెండున్నరకు వెంకన్న తన స్కూటర్ తీసి, "రా తాతా, బస్టాండ్ల దింపుత," అని ఎక్కించుకుపోయాడు.

ఆ తర్వాత గంటసేపు మేమిద్దరం ఒక మాట కోసం వెతికాం. పత్రికలో రాసే అలవాటు కొద్దీ నేను 'బరకాలు' అన్నాను. "అది ఎవరి మాట మేడం? కోస్తోళ్లదా?" అంది సువర్ణ. పరదాలు అని ఫోనులో పలికితే కిటికీ తెరలు వచ్చాయి. కవర్లు అంటే ఫోన్ తొడుగులు. ఒట్టి టార్పాలిన్ అంటే, బయట నిలబడ్డ హమాలీ ఒకరు మూడుసార్లు పలికినా ఫోనుకు అర్థం కాలేదు. పట్టా అన్న మాట తీసేస్తే రైతుకు దుకాణం దొరకదు, ఉంచితే రాజమల్లయ్యలు వస్తారు. చివరికి 'మిర్చి పట్టాలు' అని నేనంటే సువర్ణ నుదురు కొట్టుకుంది. "మిర్చి పండే భూమికి పట్టా ఇస్తరా అంటరు మేడం!"

కుదిరింది ఇది: 'మిర్చి, వడ్ల మీద వానకు కప్పే టార్పాలిన్ పట్టాలు. ఇవి భూమి పట్టాలు కావు.' రెండో వాక్యం ఆమె పట్టుబట్టి పెట్టించింది. ఏ వ్యాపారీ తన దగ్గర లేనిదాన్ని ప్రచారంలో చెప్పకూడదని నా బ్లాగులో రాశాను. ఆ వ్యాసం ఇంటికెళ్లి తీసేయాలి. 'అడిగిన రోజే' అన్నది నేనే చెరిపేశాను. చుట్టలు కనపడేలా దుకాణం ముందు ఫొటో తీసి పేజీకి పెట్టాం, తిరిగి పరిశీలించమని వినతి పంపాం. సమ్మయ్యకు జవాబు కూడా రాశాం: 'మీ మామగారు వచ్చిన రోజు దుకాణం మూసి ఉంది. మేము రాసింది తప్పు అర్థం ఇచ్చింది. క్షమించండి.' సంజాయిషీగా ఇంకో రెండు వాక్యాలు చేరుద్దామంటే ఆమె వద్దంది.

రెండింటికి నాలుగు చినుకులు పడ్డాయి. మరుక్షణం యార్డులోంచి ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. "అక్కా, పట్టా! జల్ది!" సువర్ణ ఏ పట్టా అని అడగలేదు. కొలత మాత్రం అడిగి కత్తెర అందుకుంది.

గేటు పక్క హోటల్లో అన్నం, పప్పుచారు, గుడ్డు కూర తిన్నాను, ఎనభై రూపాయలు. స్టేషన్‌కు షేర్ ఆటోలో వచ్చాను. సాయంత్రం ఐదు దాటాక దొరికిన బండిలో కాజీపేట దాకా నిలబడి, అక్కడ సీటు సంపాదించాను. వాన పట్టుకోలేదు, మబ్బు విడిచిపోలేదు. భువనగిరి వచ్చేదాకా ఫోన్ తీసి సువర్ణ పేజీ ఎన్నిసార్లు చూశానో తెలియదు. వరంగల్ వెళ్లి దుకాణాలకు సలహా చెప్పాలనుకునే వాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే: ముందు పొద్దుటి బండెక్కండి. మీ మాటను పెట్టెలో నలుగురి చెవిన వేసి చూడండి. దుకాణం అరుగు మీద కాసేపు కూర్చోండి. ఇదంతా అయ్యాకే రాయండి.

మూడో రోజు పేజీ మళ్లీ కనపడింది. ఫోన్లు వస్తున్నాయని, ఎక్కువమంది వానకు కప్పే పట్టాలే అడుగుతున్నారని సువర్ణ చెప్పింది. అన్నిటికంటే పైన మాత్రం సమ్మయ్య రాసిన నాలుగు ముక్కలు, ఆ ఒక్క నక్షత్రం అలాగే ఉన్నాయి. ఆమె మళ్లీ ఫోన్ చేసి బతిమాలిందట. ఈసారి అతను కోప్పడలేదు.

"మా మామకు పట్టా రానీయి అక్కా. వచ్చిననాడే తీసేస్త," అన్నాడట.

ఇది రాసే నాటికి రాజమల్లయ్యకు పట్టా రాలేదు.