కందుల బుట్టలో షోలాపూర్

నా చిన్నప్పుడు మా ఇంట్లో తాళం వేసిన పెట్టె కంటే భద్రమైన చోటు ఒకటుండేది. అది విత్తనాల బుట్ట. మాది ఝరాసంగం దగ్గర వానను నమ్ముకుని బతికే చిన్న ఊరు. పంట ఇంటికి చేరగానే మా నాన్నమ్మ మంచి గింజలు ఏరి, బూడిద కలిపి, వేపాకు వేసి వెదురు బుట్టల్లో నింపేది. పేడా మట్టీ కలిపి వాటి మూతులు మెత్తేది. ఆమెను మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం. ఒకసారి మెత్తిన బుట్టను తొలకరి దాకా ఎవరూ విప్పకూడదు. అప్పుడు కూడా విప్పేది ఇంటి పెద్దావిడే. మా తాతకు ఇంట్లో పైసా ఎక్కడ దాచినా దొరికిపోయేది. పప్పు డబ్బాలోంచి, దేవుడి పటం వెనక నుంచి తీసుకుని నిశ్చింతగా కల్లుకు పోయేవాడు. అంతటి ఘనుడు కూడా విత్తనాల బుట్ట జోలికి పోయేవాడు కాదు.

అందుకే అవ్వ తన షోలాపూర్ డబ్బును పాత రవికె గుడ్డలో మూట కట్టి కందుల బుట్టలో పెట్టింది.

షోలాపూర్‌లో అవ్వ చెల్లెలు ఉండేది. బట్టల మిల్లులో పనిచేసే ఆయనకిచ్చి పెళ్లి చేశారు. పన్నెండేళ్లుగా అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకోలేదు. ఆ చిన్నవ్వ కొడుకు రాసే కార్డులు నేనే చదివి వినిపించేదాన్ని కాబట్టి అవ్వ రహస్యాలన్నీ నాకు తెలుసు. రెండేళ్లపాటు ఆమె గుడ్లు అమ్మింది, నెయ్యి అమ్మింది, ఇంటి పని చాలదన్నట్టు పక్క చేలల్లో కలుపుకు పోయింది. గాజులమ్మే ఆమె వీధిలోకి వస్తే తలనొప్పని లోపలికి పోయి పడుకునేది. ఆకువక్క మానేసింది. అలవాటు కొద్దీ సాయంత్రాలు ఖాళీ నోరే ఆడిస్తూ అరుగు మీద కూర్చునేది. నేను నవ్వితే, "షోలాపూర్ నములుతున్న తియ్" అనేది.

ఆ ఎండాకాలం చివర్లో ఇంకో కార్డు వచ్చింది. చిన్నవ్వకు చూపు మసకబారుతోందనీ, ఆ చూపు కూడా ఇంకెన్నో రోజులు నిలవదని దవాఖానలో చెప్పారనీ రాశాడు. చివరి వాక్యం ఆమె పలికితే రాసినట్టుంది. "అక్కా, నా కండ్లు పోకముందే ఒక్కసారి వచ్చిపో." అది చదివాక అవ్వ నన్ను మళ్లీ చదవమనలేదు. కార్డు తీసుకుని రొంటిన దోపుకుంది. విత్తనాలు వేసిన మర్నాడే బయలుదేరుదామంది.

మొదటి వాన పడిన రోజు అవ్వ పొద్దున్నే చేనికి పోతూ నాకో పని అప్పగించింది. పక్కింటి అక్క కంది విత్తనాలకు వస్తుంది. ఆమె భర్త కాలికి పుండై మంచం పట్టాడు, ఆ బాధలో వాళ్లు విత్తనాలు కూడా వండుకు తిన్నారు. మా వైపు తొలకరి రోజున విత్తనాలు అడిగితే ఏ ఇల్లూ లేదనకూడదు. వాటికి డబ్బు తీసుకోకూడదు. పంట వచ్చాక తీసుకున్నదానికి సగం కలిపి తిరిగిస్తారు, అంతే. ఇవ్వాల్సిన బుట్ట మీద మూడు పసుపు బొట్లున్నాయి. డబ్బున్న దాని మీద ఒకటే బొట్టు. అవ్వ ఇది రెండుసార్లు చెప్పింది. నేను గచ్చకాయల ఆటలో ఉండి రెండుసార్లూ తలూపాను.

అక్క వచ్చేసరికి నా వంతు ఆట నడుస్తోంది. లోపలికి పరుగెత్తి, ముందున్న బుట్ట తీసి ఆమె చేతుల్లో పెట్టి, మళ్లీ పరుగెత్తుకొచ్చాను. బొట్లు చూడాలన్న ధ్యాసే లేదు. ఆ ఆట నేనే గెలిచాను కూడా.

సాయంత్రం అవ్వ వచ్చి గదిలోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయింది. మిగిలిన బుట్ట మీద మూడు బొట్లున్నాయి. అవ్వ నా తొడ పట్టుకుని తొడపాశం పెట్టింది. ప్రాణం పోయినంత పనైంది గానీ ఏడవడానికి కూడా భయమేసింది. తర్వాత ఆమె గోడకు చేరగిలి కూలబడింది. పోయి తెస్తానని నేను గడప దాటబోతుంటే, ఇచ్చిన విత్తనాలు వెనక్కి అడగకూడదని లంగా పట్టి లాగింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల బుట్ట మూతి పగలగొట్టిన చప్పుడు వినిపించింది. మేమిద్దరం గోడకు చెవులు ఆనించాం. ఆ తర్వాత చాలాసేపు అవతల ఏ చప్పుడూ లేదు.

డబ్బు చూసి అక్క పరుగున వస్తుందనుకున్నాను. రాలేదు. మర్నాడు పొద్దున అక్క తన భర్తను ఎడ్ల బండిలో పడుకోబెట్టి జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. మా గడప ముందు బండి ఆపి, అవ్వ వైపు చూసి దండం పెట్టి కదిలిపోయింది. నేను నిర్ఘాంతపోయాను. మా డబ్బు తీసుకుని, మాకే దండం పెట్టి పోతోంది!

అడగమని అవ్వను పీక్కు తిన్నాను.

"ఏమని అడగాలెనే? విత్తనాల్ల పైసలు పోయినయంటే రేపు ఊరంత ఆమెను ఏమంటది? ఆ పిలగాని కాలు బాగైతే సాలు. నోరు మూసుకో" అంది అవ్వ.

మాటలైతే పెద్దమనసుతోనే అంది గానీ కడుపు మంట ఎక్కడికి పోతుంది? ఆ రోజు నుంచి అక్క ఎదురుపడితే అవ్వ ముఖం తిప్పుకుని పోయేది. బావి దగ్గర ఆమె కనిపిస్తే ఖాళీ బిందెతో వెనక్కి వచ్చేసేది. నేను ఇంకో అడుగు ముందుకేసి వాళ్ల మేకను రాయితో కొట్టాను.

ఇక షోలాపూర్ లేదనుకున్నాను. కానీ విత్తనాలు వేసిన మర్నాడు అవ్వ జొన్నరొట్టెలు చేయడం మొదలుపెట్టింది. పలచగా కొట్టి, కాల్చి, ఎండబెట్టి అప్పడాల్లా గట్టిపడ్డాక మూట కట్టింది. పల్లీల కారం, ఉల్లిగడ్డలు సర్దింది. నడుముకున్న చిన్న సంచిలో ఆ ఎండాకాలం కూడిన చిల్లర మాత్రం ఉంది. అది ఒక్కరికి ఒకవైపు బస్సుకు కూడా చాలదు. బోర్డులు చదవడానికని నన్ను తోడు తీసుకుంది. పైసలు పోయాయని చెల్లెలి కండ్లు ఆగవు కదా అని తాతతో ఒక్క మాట అంది. ఏ పైసలో తెలియక తాత తల గోక్కున్నాడు.

తెల్లవారుజామున నడక మొదలుపెట్టి మధ్యాహ్నానికి జహీరాబాద్ చేరాం. బస్టాండులో ఆగుతామనుకుంటే అవ్వ నేరుగా బొంబాయి రోడ్డు మీదికి నడిచి, అల్లం బస్తాలు ఎక్కిస్తున్న లారీ దగ్గర నిలబడింది. ఆ డ్రైవరుకు తన చెల్లెలి కండ్ల సంగతంతా చెప్పింది. అతను మమ్మల్ని బస్తాల మీద ఎక్కించుకుని హుమ్నాబాద్‌లో దింపాడు. ఆ అల్లం ఘాటుకు దారంతా తుమ్ముతూనే ఉన్నాను.

నేను అసలు ఆశ్చర్యపోయింది హుమ్నాబాద్‌లో. లారీలు ఆగే ఒక హోటల్ ముందు అవ్వ కాసేపు నిలబడి లోపలికి చూసింది. పొయ్యి దగ్గర ఒకామె ఒక్కతే రొట్టెలు కొట్టలేక అవస్థ పడుతోంది, బయట డ్రైవర్లు గిన్నెలు మోగిస్తున్నారు. అవ్వ చెప్పులు విప్పి, కొంగు బిగించి, పోయి ఆ పిండి ముందు కూర్చుంది. ఎవరినీ అడగలేదు. ఊళ్లో చుట్టాలింట్లో కూడా పిలవనిదే మంచినీళ్లు తాగని మనిషి! నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హోటలామె కన్నడంలో ఏదో గట్టిగా అంది. అవ్వ తెలుగులో, "నువ్వు కాల్సు, నేను కొడ్త" అని మొదటి రొట్టె పెనం మీద వేసింది. అది పొంగడం చూశాక హోటలామె పెనం ముందుకు జరిగింది.

పొద్దు వాలేదాకా అవ్వ చేతులు ఆగలేదు. పైసలిస్తే తీసుకోలేదు. పప్పు, పడుకోవడానికి చోటు, పొద్దున్నే షోలాపూర్ పోయే లారీలో ఇద్దరికి జాగా, ఇవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టి అడిగింది. మూటలో మా రొట్టెలు ఉండగా పరాయోళ్లకు రొట్టెలెందుకు చేయాలని నేను ముఖం మాడ్చుకుంటే, "అవి తిరిగొచ్చేటప్పటికి. సంచిల పైసలు చెల్లెలికి. గిప్పుడు ఉన్నయి నా చేతులే" అంది. ఆ సంచిలోంచి దారిలో ఆమె తీసింది నాకొక చక్కెర చిలుక కొనడానికే.

మర్నాడు మధ్యాహ్నం మిల్లు దగ్గర ఆ సందు వెతికి పట్టుకున్నాం. చిన్నవ్వ గడపలో కూర్చుని ఉంది. మేం ఎదురుగా నిలబడినా ఎవరు అన్నట్టు చూసింది. ఆలస్యమైపోయిందనుకున్నాను. అవ్వ ఆమె ముందు చతికిలబడి తన ముఖాన్ని జానెడు దూరానికి తీసుకుపోయింది. చిన్నవ్వ రెండు చేతులతో ఆ ముఖాన్ని పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"గింత ముసలిదానివి ఎప్పుడైనవే అక్కా?" అంది.

అంత దగ్గరగా అయితే కనిపిస్తోంది. మేం అక్కడున్న మూడు రోజులూ వాళ్లిద్దరూ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా కూర్చునే మాట్లాడుకున్నారు. తిరుగు టికెట్లు ఆమె కొడుకు కొన్నాడు. దీపావళికి ముందు వచ్చిన కార్డులో చిన్నవ్వకు చూపు పూర్తిగా పోయిందని ఉంది. అది చదువుతూ నేను ఏడ్చాను. అవ్వ ఏడవలేదు. "నా ముఖం సూసింది గద" అని మాత్రం అంది.

కందులు ఇంటికి వచ్చిన చలికాలంలో ఒక పొద్దున అవ్వ వాకిట్లో చెరుగుతోంది, నేను పక్కన కూర్చుని రాళ్లు ఏరుతున్నాను. పక్కింటి అక్క వచ్చింది. ఆమె వెనక ఆమె భర్త, బుట్ట భుజాన పెట్టుకుని, కొద్దిగా కుంటుతూ తన రెండు కాళ్ల మీద నడిచి వచ్చాడు. బుట్ట దించాడు. తీసుకున్న కందులకు సగం కలిపి తెచ్చారు. అక్క కొంగు ముడి విప్పి ఒక గుడ్డ మూటను ఆ కందుల మీద పెట్టింది. ఆ గుడ్డ అవ్వ పాత రవికెది. నేను చూడగానే గుర్తుపట్టాను.

"పెద్దమ్మా, గిది గూడ విత్తనం లెక్కనే తెచ్చిన, సగం కలిపి. అడుగుతే నా ఇజ్జత్ పోతదని, నేను నోరు తెరవకముందే విత్తనాల్ల పెట్టి ఇచ్చినవ్. గది లేకుంటే ఈయన కాలు తీసేస్తుండ్రి. మొక్కుదమంటే నువ్వు ముఖం తిప్పుకొని పోతుంటివి. నేను సిన్నబుచ్చుకోవద్దని గట్ల చేస్తున్నవని నాకెరకే" అంది అక్క. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

నా చేతిలోని కందులు నేల పాలయ్యాయి. అవ్వ చేతిలో చేట గాల్లోనే ఆగిపోయింది. ఆమె అంతగా బిత్తరపోవడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. దొంగ అనుకుని ఏడు నెలలు మేం తిప్పుకున్న ముఖంలో ఆ అక్క దయ చూసిందట! కాదక్కా, పొరపాటున నేనే ఇచ్చానని చెప్పబోయి నోరు తెరిచాను. చేట చాటున నా తొడ మీద రెండో తొడపాశం పడింది. ఇది మొదటిదానికంటే గట్టిది.

"అవు బిడ్డా, నేనే పెట్టిన" అంది అవ్వ.

చిన్న అబద్ధమాడినా నా వీపు చిట్లగొట్టే అవ్వ! వాళ్లు వెళ్లిపోయాక ఆమె చాలాసేపు ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. "ఆమె కండ్లల్ల నేనేమో దేవతను, నా కండ్లల్ల ఆమేమో దొంగ, థూ నా బతుకు" అని తనను తానే తిట్టుకుంది. నేను ఎవరూ చూడకుండా పోయి వాళ్ల మేకకు గుప్పెడు కందులు పెట్టి వచ్చాను.

ఆ ఏడాది బుట్టలు మెత్తే రోజున అవ్వ పక్కన నేనే పేడ కలిపాను. అక్క అదనంగా ఇచ్చిన సగం డబ్బును అవ్వ చిన్న ముడి కట్టి గింజల్లో దూర్చింది. దాచుకునే ఒక బొట్టు బుట్టలో కాదు, ఊళ్లో ఎవరైనా అడిగితే ఇచ్చే మూడు బొట్ల బుట్టలో. మళ్లీ పొరపాటు జరుగుతోందని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నేనే పెట్టిన అని ఆమెతోని చెప్పిన గదనే. ఆ మాట నిజం చెయ్యాలె గద" అంది.

ఇప్పుడు నేను జహీరాబాద్‌లో ఉంటున్నాను. మా మనవరాలు ఎక్కడికైనా పోవాలంటే ఫోనులో చవక బస్సు, చవక గది చిటికెలో వెతుకుతుంది. ఖర్చు తగ్గించడం తనకే తెలుసని నా ముందు గొప్పలు పోతుంది. ఆమెకు రొట్టెలు ఎండబెట్టి కట్టిస్తే ముఖం చిట్లించి, తిరుగు దారిలో మాత్రం అవే తిని వస్తుంది. పక్కింటి అక్క పోయిన ఏడాది కన్నుమూసింది. తను ఉన్నన్నాళ్లూ ఏ పెళ్లిలో కనిపించినా నలుగురినీ కూడేసి మా అవ్వ మంచితనం చెప్పి, అంతే కదా చెల్లీ అని నన్ను సాక్ష్యం అడిగేది. అవునక్కా అనేదాన్ని. అన్న ప్రతిసారీ నా చెయ్యి నాకు తెలియకుండానే తొడ మీదికి పోయేది. ఆమె లేదు కనుకనే ఇవాళ ఇది రాయగలిగాను.

ఊళ్లోని మా ఇంట్లో ఇప్పటికీ మూడు పసుపు బొట్ల బుట్ట ఒకటుంది. ప్రతి ఏడూ ఊరికి పోయి దాన్ని నా చేతులతోనే నింపి, మూతి మెత్తి, తొలకరికి ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చి వస్తాను. లోపల ఏముందో చెప్పను. మా అవ్వ ఆడిన ఆ ఒక్క అబద్ధాన్ని నిజం చేసే పని ఇంకా నా మీదే ఉంది.