ముందు తీసిన పిడికెడు

ఖాళీ డబ్బాలో మొదటి పిడికెడు బియ్యం వేస్తే అడుగు రేకుకు గింజలు తగిలి గలగలమంటాయి. రెండో పిడికెడుకు ఆ చప్పుడు ఉండదు. కింద అమీర్‌పేట రోడ్డు మీద ఎంత రొద ఉన్నా, సోమవారం పొద్దున నా వంటగదిలో ఆ గలగల నాకు బాగా వినిపిస్తుంది. ఒక్కదాన్నే ఉంటాను కదా, ఇలాంటివి వినడానికి తీరిక ఎక్కువ. విన్న ప్రతిసారీ మార్తమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది.

ఇది రెండో ప్రపంచ యుద్ధం రోజుల మాట. అప్పటి పంజగుట్ట ఎలా ఉండేదో చెబితే ఇప్పటివాళ్లు నవ్వుతారు. రాళ్లూ, సీతాఫలం పొదలూ, దారి పక్కన ఒకే కప్పు కింద వరసగా అద్దె గదులు. ఒక గదిలో నేనూ మా ఆయనా, పక్క గదిలో ఆమె. బేగంపేటలో ఒక ఆస్పత్రిలో నర్సు. బంధువు కాదు, మా అమ్మకన్నా పెద్దది కాబట్టి పెద్దమ్మా అనేదాన్ని. పెళ్లి చేసుకోలేదు, తనవాళ్లంటూ ఎవరూ లేరు. గోడ వారన ఇటుకల మీద టేకు చెక్కలు పేర్చి, వాటి మీద నాలుగు డబ్బాలు పెట్టుకుంది. జీతం అందగానే తిండికి, అద్దెకు, జబ్బుకు, ముసలితనానికి అంటూ వాటిలో వేసేది. ఇవి కాక ఇంకో చిన్న డబ్బా పొయ్యి దగ్గర ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు ఆ బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేవి. వాళ్ల చర్చిలో ఆడవాళ్లందరికీ ఆ అలవాటు ఉండేది.

"ఇంత మంచి చెక్కలున్నయి, మంచం చేపిచ్చుకోరాదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"చేపిస్తరు, నేను సచ్చినంక. నా సమాధి పెట్టెకని తెచ్చి పెట్టుకున్న" అంది తొక్కు నూరుతూ. చెక్క మీద పెట్టిన చెయ్యి నేను చటుక్కున వెనక్కి తీసుకున్నాను. "గవి కరవవు బిడ్డా" అని నవ్వింది.

ఆ ఏడు వానాకాలంలో మా ఆయన జ్వరంతో పోయాడు. ఆయన పనిచేసిన చోటు నుంచి కొంత డబ్బు వచ్చింది. దినాలు కాగానే బల్కంపేట నుంచి మా అన్న వచ్చాడు. చెడ్డవాడు కాదు పాపం, నా మీద ప్రేమ ఉన్నవాడే. "గీడ ఒక్కదానివి ఏం చేస్తవ్ చెల్లె? ఇంటికి నడువు. గా పైసలు మన కట్టెల అడితిల పెడుదం, పెరుగుతయి" అన్నాడు. నేను గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టాను. అన్న చాయకని బయటికి వెళ్లగానే పెద్దమ్మ గడపలోకి వచ్చి నిలబడింది.

"అన్న ఇంటికి పండుగకు పో బిడ్డా. బతుకనీకి పోకు."

"మరి నేనెట్ల బతకాలె?" అని ఏడ్చాను. వదిన పొయ్యి దగ్గర ఒక మూల మనిషిగా మిగిలిపోవడమా, నా గదిలో నా అన్నం నేను వండుకోవడమా, నా ముందున్నది ఆ ఒక్క ప్రశ్నే.

ఆమె ఓదార్చలేదు, ఓదార్చడం ఆమెకు చేతకాదు. తన గదిలోంచి ఖాళీ డబ్బాలు తెచ్చి నా ముందు వరసగా పెట్టింది. నేను ఆయా పని నేర్చుకుని జీతం తెచ్చుకునేదాకా తిండికీ అద్దెకూ సరిపోయేది ఇవతల పెట్టించింది. మిగతాది బ్యాంకులో వేయించి, దాన్ని ముట్టుకోవద్దంది. "మిగిలినంక దాసుడు కాదు. ముందుగల తీసి పెట్టి, మిగిలినదాంతోని బతుకుడు. గంతే, ఇందుల మస్తు చదువేం లేదు." అన్న అలిగి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు బోనాలకు నేను నా జీతంతో కొన్న చీర కట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాక గానీ ఆ అలక తీరలేదు.

బియ్యం కరువొచ్చి అందరం జొన్నలకు దిగినా మా డబ్బాలు ఆగలేదు. పిడికెడు చిటికెడైంది, అంతే. అలా ఉండగా ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఆమె గదికి తాళం. టాంగా మాట్లాడుకుని తనంతట తానే ఆస్పత్రిలో చేరిందట. పరుగెత్తాను. గుండె జబ్బు. ముఖం పాలిపోయి, ఒక్కతే గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నాకొక మాట చెప్పరాదా?"

"నీకు ఫికరెందుకు? దీనికి డబ్బా ఉన్నది."

నాకు ఒళ్లు మండింది. "డబ్బా వచ్చి పక్కన కూసుంటదా పెద్దమ్మా?"

ఆమె నా వైపు చూడకుండానే అంది: "పక్కన కూసోనీకి మనిషిని ఎట్ల జమ చేస్తరో నాకు తెల్వకపాయె బిడ్డా."

ఇంకాసేపటికి తేరుకుని, వడ్రంగి కూలి డబ్బులు ఎక్కడున్నాయో, గొయ్యి తవ్వేవాళ్లకు ఎంతివ్వాలో అప్పగించింది. "వచ్చినోళ్లకు చాయ జర ఎక్కువ తెప్పియ్యి. ఎంతమంది పోరగాండ్లను ఈ చేతులతోని భూమ్మీద పడేసిన. అందరు వస్తరు" అంది. అప్పుడు ఆమె కళ్లల్లో కనిపించిన ఆశ నేను మరిచిపోలేదు.

ఆ వారంలోనే పోయింది. డబ్బాలు దింపి, చెక్కలతో పెట్టె చేయించాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచే పని పడలేదు. అన్నీ సరిగ్గా సరిపోయాయి, చాయ ఒక్కటే మిగిలిపోయింది. వచ్చింది పాస్టరుగారూ, పెట్టె మోసినవాళ్లూ, ఇద్దరు నర్సులూ, నేనూ, అంతే. హోటలు నుంచి తెచ్చిన పెద్ద కెటిల్ చెట్టు కింద చల్లారిపోయింది. చావుకు ఏడవని నేను ఆ కెటిల్ తిరిగి ఇవ్వడానికి వెళుతూ, అంత బరువుగా ఉంటే, దారిపొడవునా ఏడ్చాను.

ఆమె చెప్పినట్టే బతికాను. జబ్బుకుంది, ముసలితనానికుంది, ఎవరింటికీ బతకడానికి పోలేదు. పిడికెడు కూడా ఇప్పటికీ తీస్తాను, కాకపోతే ఆ బియ్యం ఆదివారం నా ఇంట్లోనే వండి ఎవరినో ఒకరిని భోజనానికి పిలుస్తాను. పై వాటా ఆవిడ కొన్నిసార్లు వస్తుంది, పాలు పోసే మల్లమ్మ కొన్నిసార్లు. నిన్న ఇద్దరికీ కుదరలేదు. వండి, రెండు కంచాలు పెట్టి, పొద్దు వాలేదాకా తలుపు తీసే ఉంచాను. ఇవాళ పొద్దున ఎసరు పెట్టి మళ్లీ పిడికెడు తీశాను. ఖాళీ డబ్బా గలగలమంది.